గడుల పేర్లు చెప్పించిన ఢిల్లీబాబు

కాశీబుగ్గలో స్టేషన్‌కి పోయే రోడ్డు మీద పసుప్పచ్చ బోర్డు ఎస్టీడీ బూతు ఒకటి ఉండేది. 1997 నుంచి ఎనిమిదేళ్ల పాటు అందులో కూర్చున్న మనిషి ఢిల్లీబాబు. నాకు అన్నయ్య వరస ఏమీ కాదు గాని, మా వీధిలో అందరితో పాటు నేనూ అన్నయ్యా అనే పిలిచేదాన్ని.

వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపొడ్డున, వేటకి పోయే ఇంట్లో పుట్టాడు. నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. విశాఖపట్నంలో అంధుల బడిలో ఉండి పదో తరగతి చదివాడు. ఇంగ్లీషంతా బ్రెయిలీ పుస్తకాల్లో నేర్చుకున్నదే. వ్యాకరణం తప్పేది కాదు గాని, ఆ మాట తీరు మాత్రం పాతకాలపు పాఠం అప్పజెప్పినట్టుండేది. వికలాంగుల కోటాలో బూతు వచ్చాక సరస్వతిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ జీడిపప్పు మిల్లులో గింజలు కొట్టేది. జీడి అంటి అరచేతులు నల్లగా ఉండేవి.

ఉద్దానం వేటగాళ్లు చాలామంది అప్పట్లో బోట్ల మీద పనికి గుజరాత్‌లో వేరావల్ రేవుకి పోయేవారు. వాళ్ల ఆడవాళ్లు బస్సెక్కి కాశీబుగ్గ వచ్చి ఢిల్లీబాబు బూతు నుంచి మాట్లాడేవారు. నంబరు రాసుకున్న కాగితం తడిసిపోయినా, ఇంట్లో మరిచిపోయినా పర్లేదు. గొంతు వినగానే ఎవరో పోల్చుకుని ఆయనే నంబరు నొక్కేవాడు. మొత్తం ఎన్ని నంబర్లు గుర్తున్నాయని ఒకసారి అడిగితే, "నాను లెక్కెట్టలేదమ్మా, గొంతుతో పాటే వత్తాది నంబరు" అన్నాడు.

నా పేరు మోహిని. టెక్కలిలో ఎంసీఏ చదివి, 2002లో ఆ బూతుకి ఎదురుగా కంప్యూటర్ సెంటర్ పెట్టాను. పెట్టిన వారానికే ఇంటర్నెట్ లైను కలవడం మానేసింది. ఫోను ఎత్తితే గరగరమని చప్పుడు. ఢిల్లీబాబు రోడ్డు దాటి వచ్చి, రిసీవరు చెవిన పెట్టుకుని కాసేపు విని, "బయట జాయింటులోకి వాననీరు పోనాది. లోపల ఏటీ తప్పు లేదు" అన్నాడు. లైన్‌మన్ వచ్చి చూస్తే అదే. అప్పటి నుంచీ మాకు స్నేహం.

ఆ తరవాత సెల్‌ఫోన్లొచ్చాయి. మొదట బూతు దగ్గర బెంచీ ఖాళీ అయింది. తరవాత బోర్డు రంగు వెలిసింది. 2005లో మూసేశాడు. మూసిన మర్నాడు పొద్దున్నే నా సెంటర్‌కి వచ్చాడు.

"మోహినమ్మా, మాటాడే కంప్యూటరు ఉంటాదంట గదా. నాకు సూపెట్టు."

తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని నేనూ విన్నాను. కొనే స్తోమత మా ఇద్దరికీ లేదు. పరీక్షకని ఉచితంగా ఇచ్చేది దించుకున్నాం. అది నలభై నిమిషాలు మాట్లాడి ఆగిపోయేది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే మరో నలభై నిమిషాలు. అలా ఆపుతూ పెడుతూనే రెండు నెలల్లో టైపింగు, ఈమెయిలు, ఇంటర్నెట్ మీద వెతకడం నేర్చేసుకున్నాడు. మరుసటేడాది ఎవరో ఉచితంగా ఇచ్చే ఇంకో సాఫ్ట్‌వేర్ తయారుచేశారని ఆయనే వెతికి పట్టుకొచ్చాడు. అది ఎంతసేపైనా ఆగకుండా చదివేది. దాన్ని చేసినవాళ్లకి ఆ రోజే ఉత్తరం రాశాడు. ఢిల్లీబాబు తెలియనివాళ్లకి కృతజ్ఞతలు చెప్పుకుంటూ రాసిన మొదటి ఉత్తరం అదే అనుకుంటాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎందుకొస్తోందో తేలకపోయినా, ఎవరికి మొదలవుతోందో ముందుగా కనిపెడితే కొంత మేలు చెయ్యొచ్చని కొందరు డాక్టర్లు, మేష్టార్లు కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. ఊరూరా రక్తపరీక్షలు చేసి పేర్లు రిజిస్టర్లలో రాసేవారు. రిజిస్టర్లు పెరిగిపోయి, ఎవరికి మళ్లీ ఎప్పుడు పరీక్ష చెయ్యాలో చూడ్డం కష్టమై, ఒక వెబ్‌సైటు కట్టిపెట్టమని నన్నడిగారు. ఒప్పుకున్నాను. జనానికి ఫోన్లు చేసి రమ్మని చెప్పడానికీ, ఫలితాలు ఎక్కించడానికీ మనిషి కావాలంటే ఢిల్లీబాబు పేరు చెప్పాను. వాళ్లు మొదట తటపటాయించారు. ఆ రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేసే హెలెన్ అనే అమ్మాయి ధైర్యం చేసి, "నేను ఫోన్లో ఫలితాలు చదువుతాను, ఆయన కొడతాడు. ఒక వారం చూద్దాం" అంది. వారం అయ్యేసరికి ఎవరూ మరి ఆ మాటెత్తలేదు.

ఆ వెబ్‌సైటుని నేను ఒక ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాను. ఫ్రేమ్‌వర్క్ అంటే వెబ్‌సైట్లకి ముందే సిద్ధంచేసి ఉంచిన చట్రం. ఫారాలు, జాబితాలు, లాగిన్ పేజీలు ఎవరికి వాళ్లు మొదట్నించీ రాసుకోకుండా దాంట్లోంచి తీసుకుని వాడుకోవచ్చు. నేను ఎంచుకున్నది ఓపెన్‌సోర్స్‌ది. లోపల ఏం రాశారో ఎవరైనా చదవొచ్చు. తప్పు కనిపిస్తే బగ్ రిపోర్టు రాయొచ్చు, చేతనైతే సరిచేసి పంపొచ్చు. నేను అప్పటికి దాన్ని వాడుకోవడమే గాని, వాళ్లకి ఒక్క ముక్క రాసింది లేదు.

ఢిల్లీబాబు ఫారం ఎలా నింపుతున్నాడో నేను ఏనాడూ అడగలేదు. అంత చకచకా చేసేవాడు. 2006 జూన్‌లో ఒకరోజు నన్ను పిలిచి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న ఫారంలో ఏటైనా మార్సినావా?"

"పేరు కింద ఫోన్ నంబరుకి ఒక గడి పెట్టాను. ఏం అన్నయ్యా?"

"అలాగైతే నిన్నటివి ఏడుగురివి తప్పుగా ఎక్కించేసినాను. ఇప్పుడే మళ్లీ ఇంటే ఒకాయన వయసు నూట నలభై అంతంది. అన్నీ సరిసేసినాను. ఇంకెక్కడైనా ఉండిపోనాయేమో సూడు."

అప్పుడు చెవిపోగులు తీసి నా చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఒక్కో గడిలోకి వెళ్తుంటే ఆ యంత్రపు గొంతు "ఎడిట్... ఎడిట్... ఎడిట్..." అంటోంది. అంతే. ఇక్కడ రాయొచ్చని తప్ప, ఏ గడి దేనిదో చెప్పడం లేదు. పేరు, వయసు, రక్తపోటు, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అంకె అని కళ్లున్నవాళ్లకి పక్కన రాసి కనిపిస్తుంది. గడికీ, ఆ రాతకీ మధ్య కలపాల్సిన ముడి లోపల వెయ్యలేదు. ఆయన ఐదు నెలలుగా ఒకటోది పేరు, రెండోది వయసు అని లెక్కపెట్టుకుంటూ నింపుతున్నాడు. నాకు సిగ్గేసింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"అందరికీ అలాగే ఇనపడతాదేమో అనుకున్నాను."

ఫ్రేమ్‌వర్క్ లోపలి కోడ్ తీసి చూశాను. ఫారాలన్నీ అక్కడే తయారవుతాయి గనక తప్పూ అక్కడే ఉంది. మా దగ్గర వరకూ సరిచేస్తానన్నాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ చెయ్యాల్సి ఉంటుందని కూడా చెప్పాను. ఆయన ఇంకోటి అడిగాడు.

"ఈ చట్రం మీద ఇంకా ఎంతమంది కట్టుకున్నారు?"

"వేలమంది ఉంటారు."

"అలాగైతే ఆ వేలల్లోనూ నాలాటోడు ఎవడో ఒకడు లెక్కెట్టుకుంటా కూకుంటాడు గదా. దీన్ని సేసినోల్లకే రాద్దాం."

రిపోర్టు ఆయనే టైపు చేశాడు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, తన పేరు, ఊరు, చూపు లేదన్న సంగతి, చేస్తున్న పని చెప్పి, ఫారం వింటే తనకేం వినపడుతోందో వరసపెట్టి రాశాడు. అడుగున "యువర్స్ ఒబీడియెంట్లీ" అని సంతకం. అలాంటి చోట ఎవరూ అలా రాయరని తెలిసినా, నేను దిద్దలేదు.

మూడు రోజులకి జవాబొచ్చింది. ఇంకో దేశం నుంచి ఎవరో రాశారు. గడులకి ముడి వేస్తే కట్టిన సైట్ల రూపం కొన్ని చోట్ల చెదురుతుందనీ, ఇలా వాడేవాళ్లు ఎంతమంది ఉంటారనీ, ప్రస్తుతానికి దీన్ని పక్కన పెడదామనీ అందులో ఉంది. నాకు కోపం వచ్చింది. నాలుగు ఘాటు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఢిల్లీబాబు వద్దన్నాడు.

"ఆయన అడిగిందానికి జవాబు సెప్తే సాలు" అని ఒక్క వాక్యం కొట్టాడు. "సర్, నేను వాడుతున్నాను."

ఆ వాక్యాన్ని ఫిన్లండ్‌లో ఆన్నికా అనే ఆవిడ చదివింది. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఫారాల భాగం చూసేది ఆవిడే. తరవాత రోజు పొడుగాటి ఉత్తరం పెట్టింది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తన కంప్యూటర్‌లో పెట్టుకుందట. తెర ఆపేసి, తాను రాసిన ఫారాన్నే నింపడానికి కూర్చుందట. ఇరవై నిమిషాలు ప్రయత్నించి నింపలేకపోయిందట. "ఇన్నేళ్లుగా నేను తయారుచేసినదాన్ని నేనెప్పుడూ వినలేదు. మీరు చెప్పినందుకు కృతజ్ఞురాలిని. క్షమించండి" అని రాసింది. నేను ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్తుంటే ఢిల్లీబాబు ఆపి, యంత్రం చేత మళ్లీ ఇంగ్లీషులో చదివించుకున్నాడు.

పదకొండు రోజులకి సరిచేసిన వెర్షన్ వచ్చింది. మా సైటుకి ఎక్కించి ఆయన్ని కూర్చోబెట్టాను. మొదటి గడిలోకి వెళ్లగానే "నేమ్, ఎడిట్" అంది. రెండోది "ఫోన్ నంబర్, ఎడిట్". చివర్న "క్రియాటినిన్" అని వచ్చేదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి ఒక్కొక్కటీ వింటూ మొదటికి వచ్చాడు. మొహం తుడుచుకున్నాడు. "సెప్తంది" అని ఒక్క మాటన్నాడు.

ఆ వెర్షన్‌తో పాటు ఏమేం మారాయో రాసిన పేజీలో సాయపడ్డవాళ్ల పేర్లు ఉంటాయి. అందులో ఢిల్లీబాబు, కాశీబుగ్గ, ఇండియా అని ఉంది. దాన్ని ఆ ఇంగ్లీషు గొంతు చదివితే "కసీబగ్గా" అని వినిపించింది. సరస్వతిని మిల్లు నుంచి వచ్చేటప్పుడు పిలిచి వినిపించాడు.

"ఇదేటి, మనూరు పేరు ఇలా పలుకుతాది?" అని నవ్వింది ఆవిడ. తరవాత నా వైపు తిరిగి, "ఆల్లకి మనమేటి అవుతాం? ఎందుకు సేసినారు?" అని అడిగింది. ఢిల్లీబాబే చెప్పాడు. "నాను అడిగినాను, ఆల్లు ఇన్నారు. అంతే."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. 2007 ఎండాకాలంలో ఇంకోటి బయటపడింది. ఇది మొదటిదానికంటే కష్టమైనది.

ప్రతి సోమవారం పొద్దున, డాక్టరుకి చూపించాల్సినవాళ్ల జాబితా చదివించుకుని ఢిల్లీబాబు ఫోన్లు చేసేవాడు. ఒక సోమవారం జాబితా అంతా విని, "సోములు పేరు లేదు" అన్నాడు. సోములు వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లో వల మీద బతికే మనిషి. నలభై దాటలేదు.

"ఆయనది బాగానే ఉందేమో అన్నయ్యా" అన్నాను.

"లేదు. హెలెనమ్మ అంకె సెప్పినప్పుడు గొంతు మారింది. నాకు గేపకం ఉంది. ఎక్కించినాను కూడా."

వెతికితే సోములు ఫలితం అసలు సైటులోనే లేదు. సర్వర్ చిట్టా తీసి చూస్తే, తేదీ గడిలో ఒక అంకె ఎక్కువ పడింది. ఫారం ఒప్పుకోకుండా వెనక్కి వచ్చింది, తప్పున్న గడిని ఎర్రరంగుతో చూపించింది. ఎర్రరంగు ఆయనకెలా తెలుస్తుంది? యంత్రం ఒక్క మాటా అనలేదు. ఎక్కిందనుకుని ఆయన తరవాత మనిషికి వెళ్లిపోయాడు. అలా పోయినవి ఆ నెలలో నాలుగు. హెలెన్ రిజిస్టర్‌లో చూస్తే మిగతా మూడూ మామూలుగానే ఉన్నాయి. సోములుది మాత్రం బాగా ఎక్కువ ఉంది.

ఢిల్లీబాబు అప్పుడే ఫోన్ చేశాడు. సోములు భార్య కాసులమ్మ ఎత్తింది. మర్నాడే ఇద్దరూ వచ్చారు. డాక్టరు చూసి, వారం ఆలస్యమైంది గాని మించిపోలేదని మందులు మొదలుపెట్టాడు. ఒళ్లు నొప్పులకని మింగే మాత్రలు కిడ్నీకి చెరుపని మాన్పించాడు. సోములుకి ఆ జబ్బు పూర్తిగా పోలేదు. అలా పోయేది కాదు. కాని నేనిది రాసేనాటికి కూడా వల బాగుచేసుకుంటూ, నెలనెలా పరీక్షకి వస్తూనే ఉన్నాడు.

ఆ రోజు సాయంత్రం ఢిల్లీబాబు రెండో రిపోర్టు రాశాడు. ఈసారి "డియర్ మేడమ్ ఆన్నికా" అని మొదలుపెట్టాడు. సోములు పేరు చెప్పకుండా, ఒక మనిషి పేరు జాబితాలో లేకపోవడం అంటే మా ఊళ్లో ఏమిటో రాశాడు. తప్పు దొర్లితే ఫారం ఆ సంగతి నోటితో చెప్పాలి, ఎక్కడ దొర్లిందో చెప్పాలి, మనిషిని ఆ గడి దగ్గరకే తీసుకుపోవాలి అని మూడు కోరికలు కోరాడు. ఈసారి ఎంతమంది వాడతారని ఎవరూ అడగలేదు. ఐదారు దేశాల మనుషులు ఎలా చెయ్యాలన్న దాని మీద నెలరోజులు వాదించుకున్నారు. ప్రతి ప్రయత్నాన్నీ మాకు పంపేవారు. ఆయన విని, ఏం వినపడిందో రాసేవాడు. నాలుగోసారికి కుదిరింది.

అది సరయ్యాక హెలెన్ అడిగింది. "మీరిలా తప్పులు పడుతుంటే వాళ్లకి విసుగు రాదా?"

"మడుసులు లేని ఇంటికి కప్పు నేసినట్టు కాదమ్మా ఇది. మడుసులు ఉండగానే నేత్తండాలి" అన్నాడు.

ఆయనకి కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. 2008లో పెద్ద వెర్షన్ ఒకటి వచ్చింది. చాలా బాగుందని అందరూ అన్నారు. ఎక్కించాను. ఢిల్లీబాబు కూర్చున్నాడు. "ఎడిట్... ఎడిట్... ఎడిట్..." రెండేళ్ల కిందట సరిచేసింది మళ్లీ ఊడిపోయింది. ఫారాల భాగాన్ని ఎవరో కొత్తగా రాసేటప్పుడు, ఆ ముడి ఎందుకుందో తెలియక తీసేశారు.

"సెప్పిందే సెప్పాలా? మళ్లీ మొదట్నించీ బతిమాలాలా?" అని హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు. నేను ఆన్నికాకి రాశాను. ఆవిడ ఆయనకే నేరుగా రాసింది. తీసేసినవాళ్లది దురుద్దేశం కాదనీ, దాన్ని కాపాడే పరీక్ష పెట్టకపోవడం తన తప్పనీ చెప్పింది. కోడ్ పక్కనే, "ఇది ఇలా పనిచెయ్యాలి" అని ఒక చిన్న పరీక్ష రాసి ఉంచుతారు. ఎవరు ఏం మార్చినా ఆ పరీక్ష తనంతట తనే నడుస్తుంది. దెబ్బతింటే గట్టిగా చెప్తుంది. "ఆ పరీక్ష మీరే రాయండి. మీకు తెలిసినంతగా మాకెవరికీ తెలియదు" అంది.

ఆయనకి ప్రోగ్రామింగ్ ఒక్క అక్షరం రాదు. మూడో రోజు వచ్చి కూర్చుని, "ఎలా రాయాలో సెప్పు" అన్నాడు. తొమ్మిది రోజులు పట్టింది. చుక్క ఎక్కడుందో, ఖాళీ ఎన్ని అక్షరాలుందో ఒక్కొక్కటీ యంత్రం చేత చదివించుకుంటూ రాశాడు. కరెంటు పోయి రెండుసార్లు రాసిందంతా పోతే, మళ్లీ రాశాడు. చివరికి ఏడు వరసలు అయ్యాయి. నేను ఒక్క వరస కూడా ముట్టుకోలేదు. తప్పెక్కడో మాత్రం చెప్పాను. ఆ ఏడు వరసలూ ఫ్రేమ్‌వర్క్‌లో చేర్చారు. వాటి పైన రాసినవారిగా ఢిల్లీబాబు పేరు ఉంది.

అప్పటి నుంచీ కొత్త వెర్షన్ లోకానికి ఇచ్చే ముందు, ఒక వారం ముందుగా ఆయనకి పంపడం మొదలుపెట్టారు. ఫారాలు, క్యాలెండరు, ఫైళ్లు పంపే పేజీ అన్నీ విని రిపోర్టు పెట్టేవాడు. తప్పు దొరకనప్పుడు కూడా రాసేవాడు. "అన్నీ విన్నాను, అన్నీ చెప్తున్నాయి, చేసినవారందరికీ కృతజ్ఞతలు" అని, ఆ వెర్షన్‌లో మార్పులు చేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ రాసేవాడు. బగ్గుల గురించే రాసుకునే చోట అలాంటి ఉత్తరం ఎవరూ రాయరు. కొన్నాళ్లకి దాని కోసం ఎదురుచూస్తున్నామని అవతల నుంచి వాళ్లే రాశారు.

నా సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్లు కంప్యూటర్లు నేర్పుతూ నాకు అన్నీ తెలుసనుకున్నాను. నేను కట్టిన ఫారం ముందు ఒక మనిషి ఐదు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నాకు తెలియలేదు. ఇప్పుడు ఏ పేజీ చేసినా ముందు తెర ఆపి, చెవితో వింటాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లందరి చేతా అదే చేయిస్తున్నాను. అది నేర్పినాయనకి నేనిచ్చిందల్లా ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. ఆయన మాత్రం ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా నా పేరు లేకుండా రాయలేదు.

2009 చివర్లో బ్రెజిల్ నుంచి చూపు లేని కాలేజీ విద్యార్థిని ఒకామె ఆయనకి రాసింది. తన కాలేజీ దరఖాస్తు ఫారం ఎవరి సాయమూ లేకుండా నింపుకున్నానని, ఆ ఫారం ఏ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టారో వెతుక్కుంటూ వెళ్తే ఈ పేరు కనిపించిందని. ఢిల్లీబాబు ఆ ఉత్తరం నాలుగుసార్లు విన్నాడు. జవాబు మాత్రం పొట్టిగా రాశాడు. తాను చేసింది చెప్పడమేననీ, చేసినవారు ఆన్నికా మేడమ్, మరికొందరు అనీ, వాళ్ల చిరునామాలు ఇవిగో, వాళ్లకి ఒక ముక్క రాస్తే సంతోషిస్తారనీ.

ఆ ఉత్తరం పంపి, హెలెన్ ఫోన్ కోసం హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. ఆ రోజు గరుడభద్ర ఊళ్లో పెట్టిన రక్తపరీక్షల శిబిరం ఫలితాలు ముప్ఫై రెండు ఎక్కించాల్సి ఉంది.